ప్రోగ్రెస్ బార్ దెబ్బకి డాట్ మ్యాట్రిక్స్ కాగితం చిరిగింది, దారి చూపండి

మిల్లు_కంప్యూటర్ · నెల్లూరు · సోమవారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నేను కోవూరు దగ్గర ఒక బియ్యం మిల్లులో కంప్యూటర్ పనులు చూస్తుంటాను. ఆఫీసు నెల్లూరు ట్రంకు రోడ్డులో. మిల్లులో ఉన్న కాటా లెక్కలు, సీసీ కెమెరా వీడియోలు రాత్రి ఒంటిగంటకి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో ఆఫీసు మెషీన్‌కి వస్తాయి. పొద్దున 7 గంటలకి ఆ కాపీ లాగ్ (ఏమేం వచ్చిందో రాసుకునే ఫైలు) డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద ప్రింటవుతుంది. మా ఓనరు గారికి కాగితం చేతిలో పడితేనే నమ్మకం. ఫోన్‌లో మెసేజ్ పెడతానంటే "అవన్నీ నాకొద్దబ్బా" అంటారు.

ఈరోజు నేను వచ్చేసరికి ప్రింటర్ ఒకే లైను మీద అటూ ఇటూ కొడుతూనే ఉంది. కాగితం ఒక్క మెట్టు జరగలేదు. ఆ చోట బొగ్గు పూసినట్టు నల్లగా అయి, చివరికి చిరిగింది. ప్లగ్గు పీకేశాను. ప్రింటరే పోయిందేమోనని ఒక కాటా స్లిప్పు తీస్తే శుభ్రంగా వచ్చింది.

ఇంకో వింత. అదే లాగ్‌ను స్క్రీన్ మీద క్యాట్ (ఫైలు చూపించే కమాండు) చేస్తే బుద్ధిగా తొమ్మిది లైన్లే కనిపిస్తున్నాయి. వైరస్ ఏమన్నానా? పొద్దున్నుంచి టెన్షన్‌గా ఉంది. రేపు 7 గంటలకి మళ్లీ ప్రింటవుతుంది.

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 8:32

వైరస్ కాదు అన్నా, టీ తాగు. మూడు పనులు చెయ్యి. లాగ్‌లో లైన్లెన్నో డబ్ల్యూసీ హైఫన్ ఎల్‌తో చూడు. ఫైలు సైజు చూడు. తర్వాత క్యాట్ హైఫన్ వీ పెట్టి తెరువు. ఏం కనిపించిందో రాయి. ఇక్కడ కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాయాలన్నది మన రూలు కాబట్టి, ఫోన్‌లో చెప్పినట్టు చెప్తున్నాను.

మిల్లు_కంప్యూటర్ · సోమవారం 8:51

లైన్లు 9. సైజు మాత్రం అర ఎంబీకి పైనే! క్యాట్ హైఫన్ వీ పెడితే స్క్రీన్ మీద వరద. 1 శాతం, 1 శాతం, 2 శాతం... ప్రతిదాని ముందూ టోపీ గుర్తు, పక్కన ఎం అక్షరం.

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 8:58

దొరికాడు దొంగ. ఆ టోపీ ఎం అంటే క్యారేజ్ రిటర్న్, ఆస్కీ (అక్షరాలకి నంబర్లిచ్చే పట్టిక) నంబరు 13. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎం 13వది కాబట్టి ఆ గుర్తు. "కొత్త లైనుకి వెళ్లు" అనేది వేరే అక్షరం, లైన్ ఫీడ్, నంబరు 10. డబ్ల్యూసీ లెక్కపెట్టేది ఈ పదినే. అందుకే అర ఎంబీ ఉన్నా తొమ్మిది లైన్లే అంది.

ప్రోగ్రెస్ చూపించే టూల్స్ చేసేది ఒకటే గారడీ. "45 శాతం" అని రాస్తాయి, 13 పంపి లైను మొదటికి వస్తాయి, దాని మీదే "46 శాతం" అని రాస్తాయి. నీ కంటికి అంకె పెరుగుతున్నట్టుంటుంది. టెర్మినల్ (కమాండ్లు కొట్టే ఆ స్క్రీన్) పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. ఫైలుకి చెరపడం తెలీదు, వచ్చిందల్లా వరసగా దాచుకుంటుంది. నువ్వు క్యాట్ చేసినప్పుడు టెర్మినల్ ఆ అర ఎంబీనీ మళ్లీ ఒకదాని మీద ఒకటి రాసి, ఆఖరుది చూపించింది. అందుకే "చక్కగా" కనిపించింది.

ప్రింటర్ సంగతి మన మాస్టారు చెప్తేనే బాగుంటుంది. మాస్టారూ, ఉన్నారా?

ఒంగోలు_టైపు_మాస్టారు · సోమవారం 10:15

ఉన్నాను నాయనా, ఇప్పుడే చూశాను. మిల్లు అబ్బాయీ, నీ ప్రింటర్ తప్పేమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది.

ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి, నాకు ఇది కంప్యూటర్ విషయంలా అనిపించదు. టైపు మిషను మీద కాగితం చుట్టుకుని కూర్చునే బండి పేరే క్యారేజ్. లైను చివరికి రాగానే గంట మోగుతుంది, ఎడమచేత్తో లీవరు లాగుతాం. ఆ ఒక్క లాగుడులో రెండు పనులు జరుగుతాయి: రోలరు తిరిగి కాగితం ఒక లైను పైకి జరుగుతుంది, బండి మొదటికి వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు బండిని చేత్తో తోసేసి, కాగితం జరపడం మరిచిపోయి టైపు చేసేవాళ్లు. లైను మీద లైను పడేది. లోయర్ పరీక్షలో అట్లా ఒక్కసారి పడిందా, ఆ షీటు అంతే.

టెలిప్రింటర్లు వచ్చాక ఈ రెండు పనులకీ రెండు వేరు అక్షరాలు పెట్టారు. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. దాని తల కుడి చివరి నుంచి ఎడమకి రావడానికి ఒక అక్షరం కొట్టే సమయం కంటే ఎక్కువ పట్టేది. అందుకని ముందు "మొదటికి రా", తర్వాత "కాగితం జరుపు" అని పంపేవారు. రెండోది జరిగేలోపు తల ఇంటికి చేరేది. మన గంట కూడా అందులో ఉంది, నంబరు 7.

నీ డాట్ మ్యాట్రిక్స్ ఆ వంశంలోదే. 13 వస్తే తల మొదటికి వస్తుంది. 10 రాకపోతే కాగితం కదలదు. నీ లాగ్‌లో 13లు వేలల్లో, 10లు తొమ్మిదే. ఇక అది ఏం చేస్తుంది పాపం!

మిల్లు_కంప్యూటర్ · సోమవారం 10:40

మాస్టారూ, దండం. ఇప్పుడు అర్థమైంది. కానీ ఇన్నాళ్లూ లేనిది ఈరోజే ఎందుకొచ్చింది? స్క్రిప్టు మా ముందు పనిచేసిన కుర్రాడు రాసింది. రెండేళ్లుగా నడుస్తోంది.

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 10:44

నిన్న ఆ స్క్రిప్టులో వేలు పెట్టిందెవరన్నా?

మిల్లు_కంప్యూటర్ · సోమవారం 11:20

... నేనే.

ఆదివారం చేత్తో రన్ చేసి చూస్తుంటే ఎంతసేపైనా స్క్రీన్ మీద ఏమీ కదల్లేదు. నడుస్తోందో పడుకుందో తెలీక --ప్రోగ్రెస్ తగిలించాను. బాగా కనిపించిందని అట్లాగే ఉంచేశాను.

పెన్నా_గట్టు · సోమవారం 11:31

హహ. అయితే లెక్క సరిపోయింది. ఆర్‌సింక్ ఆ లైనుని దాదాపు సెకనుకోసారి మారుస్తుంది. మీ వీడియోలు రావడానికి మూడు గంటలు పట్టిందనుకోండి, 10,800 సెకన్లు. ఒక్కో లైనుకి 45 అక్షరాలైనా దాదాపు అర ఎంబీ. మీ సైజు అదే కదా.

కావలి_పైథాన్ · సోమవారం 1:05

నాకొక సందేహం. నేను పైథాన్‌లో టీక్యూడీఎం అనే ప్రోగ్రెస్ బార్ వాడుతుంటాను (తఖద్దుమ్ అనే అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరట, ముందుకు సాగడం అని అర్థం). ప్రోగ్రామ్ మాటలు రెండు దారుల్లో వస్తాయి కదా: ఫలితాలకి స్టాండర్డ్ అవుట్‌పుట్, తప్పుల మాటలకి స్టాండర్డ్ ఎర్రర్. ఇది స్టాండర్డ్ ఎర్రర్‌లో రాస్తుంది. కాబట్టి లాగ్‌లోకి స్టాండర్డ్ అవుట్‌పుట్ మాత్రమే పంపితే బార్ అందులో పడదు. మిల్లు అన్న కూడా ఎర్రర్ దారిని డెవ్ నల్‌లోకి (ఏది వేసినా మాయమయ్యే చోటు) మళ్లిస్తే సరిపోదా?

మిల్లు_కంప్యూటర్ · సోమవారం 1:30

చేసి చూశానమ్మా. ఏమీ మారలేదు. లాగ్ అట్లాగే ఉబ్బింది.

పెన్నా_గట్టు · సోమవారం 1:47

మారదు. టూల్‌కి టూల్‌కి తేడా ఉంది. కర్ల్ (ఫైళ్లు దింపే టూల్) మీటరు, గిట్ (కోడ్ దాచే టూల్) శాతాలు, టీక్యూడీఎం బారు స్టాండర్డ్ ఎర్రర్‌లో పోతాయి. ఆర్‌సింక్ మాత్రం స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోనే రాస్తుంది. పైగా ఎర్రర్ దారి మూసేస్తే నిజంగా ఏదైనా తప్పు జరిగినరోజు ఆ మాట కూడా నల్‌లోనే పోతుంది. చెత్తతో పాటు బంగారం ఊడ్చి పారేసినట్టు. కర్ల్‌లో దీనికే హైఫన్ చిన్న ఎస్, పెద్ద ఎస్ రెండూ కలిపి ఇస్తాం: బారు ఆపు, తప్పులు మాత్రం చెప్పు. 2019లో వచ్చిన 7.67 వెర్షన్ నుంచి --నో-ప్రోగ్రెస్-మీటర్ అని విడిగా కూడా ఉంది.

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 2:10

అసలు పద్ధతి ఏంటంటే, టూల్ తానే అడుక్కోవాలి: "నా అవతల ఉన్నది టెర్మినలా, ఫైలా?" అని. దానికి సీ లైబ్రరీలో ఈజ్-ఏ-టీటీవై అని ఒక ఫంక్షన్ ఉంది. గిట్ అట్లా అడిగి, టెర్మినల్ కాకపోతే శాతాలు చూపించదు. ఫైళ్లు దింపే డబ్ల్యూగెట్ బారు మానేసి చుక్కలు పెడుతుంది. బుద్ధిమంతులు.

ఆర్‌సింక్ అడగదు. నువ్వు --ప్రోగ్రెస్ అన్నావా, ఫైలులోకైనా సరే కొడుతుంది. వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా అంతే, లాగ్‌లో ఫ్రేముల లెక్క మీద లెక్క. దానికి హైఫన్ నోస్టాట్స్ పెట్టాలి.

పెన్నా_గట్టు · సోమవారం 2:26

అడిగినా మోసపోతాయి అన్నా. నేను బెంగళూరులో ఉన్నప్పుడు ఒక ఆఫీసులో ఇదే గోల. డాకర్‌ను (ప్రోగ్రామ్‌ను వేరే డబ్బాలో పెట్టి నడిపే టూల్) హైఫన్ టీతో రన్ చేసేవాళ్లు. ఆ టీ అంటే "దొంగ టెర్మినల్ ఒకటి తగిలించు" అని. లోపలున్న ప్రోగ్రామ్ ఈజ్-ఏ-టీటీవై అని అడిగితే "అవును" అని జవాబు. ఇంకేముంది, రంగులు, బార్లు, కర్సర్ పైకి కిందికి, అన్నీ లాగ్‌లో. దూరపు మెషీన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌కి హైఫన్ టీ పెట్టినా ఇంతే.

ఇంకొకటి గమనించండి. దొంగ టెర్మినల్ ఉంటే బారే లేని మామూలు లైన్ల చివర కూడా 13 చేరుతుంది, ఎందుకంటే టెర్మినల్ డ్రైవరు 10ని 13, 10గా మారుస్తుంది. "నా ప్రోగ్రామ్‌లో ఎక్కడా 13 లేదు, లాగ్‌లోకి ఎట్లా వచ్చింది" అని నేను రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. క్రాన్‌లో (టైముకి తానే పనులు నడిపేది), ఆటోమేటిక్ బిల్డుల్లో ఆ టీ తీసేయడమే మందు.

మిల్లు_కంప్యూటర్ · సోమవారం 3:15

అన్నా, నాకు డాకరూ గీకరూ లేవు. పాత లాగ్‌ను శుభ్రం చేసి ఓనరు గారికి ఈరోజు కాగితం ఇవ్వాలి. ఆయన ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 3:22

సెడ్ వాడు, టెక్స్టు మార్చే కమాండు. రాసుకో: ఎస్, స్లాష్, చుక్క, నక్షత్రం, బ్యాక్‌స్లాష్ ఆర్, స్లాష్, స్లాష్. అర్థం: ప్రతి లైనులో ఆఖరి 13 దాకా ఉన్నదంతా కొట్టేయి, దాని తర్వాతది ఉంచు. ఆర్‌సింక్ 13ని ముందు పెట్టి తర్వాత అంకెలు రాస్తుంది కాబట్టి ఆఖరి "100 శాతం" మిగులుతుంది.

టీఆర్‌తో 13లను 10లుగా మార్చమని ఎవరైనా చెప్తే వినకు. పదివేల పైన లైన్లు, నూట డెబ్బై పేజీలు అవుతుంది.

కావలి_పైథాన్ · సోమవారం 4:02

చీమకుర్తి అన్నా, మీరు చెప్పింది నా ఫైలు మీద వేస్తే మొత్తం ఖాళీ లైన్లే మిగిలాయి!

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 4:09

విండోస్‌లో చేసిన ఫైలు కదూ?

కావలి_పైథాన్ · సోమవారం 4:11

అవును.

చీమకుర్తి_సర్వర్ · సోమవారం 4:18

తప్పు నాదే. విండోస్ ఫైల్లో ప్రతి లైను చివరా 13, 10 ఉంటాయి. ఆఖరి 13 లైను చివరే కాబట్టి అంతా కొట్టేసింది. ముందు లైను చివరి 13ని తీసే సెడ్ ఒకటి (ఎస్, స్లాష్, బ్యాక్‌స్లాష్ ఆర్, డాలరు, స్లాష్, స్లాష్), తర్వాత పైన చెప్పింది. ఈ వరస మార్చకండి. ఒరిజినల్ మీద కాకుండా కాపీ మీద చేశావనే ఆశిస్తున్నాను అమ్మాయ్.

కావలి_పైథాన్ · సోమవారం 4:20

కాపీ మీదే. మా ల్యాబ్ సార్ తిట్టి తిట్టి నేర్పించారు.

ఒంగోలు_టైపు_మాస్టారు · సోమవారం 6:30

సెడ్ కాక కాల్ అని ఇంకో పాత కమాండు ఉంది, సీఓఎల్. హైఫన్ బీ ఇస్తే ఒకే చోట ఎన్ని అక్షరాలు పడినా ఆఖరున పడింది మాత్రం ఉంచుతుంది. టెర్మినల్ చేసే పనే అది కూడా చేస్తుంది. మా రోజుల్లో హెడ్డింగు కింద గీత కావాలంటే అక్షరాలు కొట్టి, బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వచ్చి, గీత కొట్టేవాళ్లం. యూనిక్స్ మాన్యువల్ పేజీలు కూడా అదే పద్ధతిలో గీతలు, బొద్దు అక్షరాలు చూపించేవి. వాటిని మామూలు టెక్స్టుగా మార్చడానికి ఈ కాల్‌నే వాడేవారు. బ్యాక్‌స్పేస్ నంబరు 8.

పెన్నా_గట్టు · సోమవారం 6:52

మాస్టారూ, కాల్ మంచిదే కానీ ఎస్కేప్ కోడ్‌లు దానికి తెలీవు. ఈమధ్య టూల్స్ ఒక్క 13తో ఆగవు. ఎస్కేప్ (27), ఎడమ బ్రాకెట్టు, పెద్ద కె పంపితే "ఇక్కడి నుంచి లైను చివరిదాకా చెరుపు" అని. బ్రాకెట్టు తర్వాత ఒకటి, పెద్ద ఏ అయితే "ఒక లైను పైకి వెళ్లు". 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్‌తో ప్రాచుర్యంలోకి వచ్చిన భాష ఇది. కాల్ వాటిని పూర్తిగా తీయలేదు, కె లాంటి ముక్కలు లాగ్‌లో మిగిలిపోతాయి. లాగ్‌లో అక్కడక్కడా అట్లాంటి ఒంటరి ముక్క కనిపిస్తే, తల పోయిన ఎస్కేప్ కోడ్ అనుకోండి.

మిల్లు అన్నకి ఇంకో హెచ్చరిక. డాట్ మ్యాట్రిక్స్‌కి కూడా ఎస్కేప్‌తో మొదలయ్యే తన సొంత భాష ఉంది. ఎప్సన్ తరహా ప్రింటర్‌కి ఎస్కేప్, పెద్ద ఈ పంపితే బొద్దు అక్షరాలు మొదలవుతాయి. టెర్మినల్ కోసం రాసిన కోడ్‌లు దానికి పోతే ఏం అర్థం చేసుకుంటుందో చెప్పలేం. పచ్చి లాగ్ ఎప్పుడూ ప్రింటర్‌లోకి తోయకండి.

చెవితో_చదువు · కందుకూరు · సోమవారం 8:40

కాగితం చిరిగిందని అన్న బాధపడుతున్నారు, నా చెవులు రోజూ చిరుగుతుంటాయి. నేను స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. బారు మారినప్పుడల్లా అది చదవబోతుంది: 41 శాతం, 41 శాతం, 42... మధ్యలో నాకు కావాల్సిన ఎర్రర్ మాట మింగేస్తుంది. కొన్ని టూల్స్‌లో గిరగిరా తిరిగే చక్రం ఉంటుంది చూడండి, దాన్ని బ్రెయిలీ చుక్కల అక్షరాలతో గీస్తారు. చూపున్నవాళ్ల కంటికి ముద్దుగా ఉండటానికి బ్రెయిలీ వాడి, బ్రెయిలీ చదివే మమ్మల్ని ఏడిపిస్తారు.

నేను చేసేది: టర్మ్ అనే వేరియబుల్‌ను డంబ్ అని పెట్టుకుంటాను. అన్నీ వినవు, చాలా టూల్స్ ఊరుకుంటాయి. ఏపీటీ-గెట్‌కి హైఫన్ క్యూ, పిప్‌కి --ప్రోగ్రెస్-బార్ ఆఫ్, డాకర్ బిల్డ్‌కి --ప్రోగ్రెస్ ప్లెయిన్.

మిల్లు_కంప్యూటర్ · మంగళవారం ఉదయం 7:25

చీమకుర్తి అన్న చెప్పిన సెడ్‌తో నిన్న సాయంత్రం కాగితం ఇచ్చాను. రాత్రికి స్క్రిప్టులో --ప్రోగ్రెస్ తీసేశాను. ఈ పొద్దున ప్రింటు బాగానే వచ్చింది కానీ ఒక లైనులో ఇట్లా ఉంది: బ్యాక్‌స్లాష్, హ్యాష్, 340, మళ్లీ బ్యాక్‌స్లాష్, హ్యాష్, 260, తర్వాత 225... ఇట్లా చాలా దూరం. ఇవి కూడా కంట్రోల్ అక్షరాలేనా? నిన్నటి కాగితంలోనూ ఉన్నాయిట, నల్లమరకలో నేను చూడలేదు.

పెన్నా_గట్టు · మంగళవారం 8:03

ఆ ఫోల్డరు పేరు తెలుగులో ఉందా? "క"తో మొదలవుతుందా?

మిల్లు_కంప్యూటర్ · మంగళవారం 8:06

"కాటా గేటు" అని ఉంది! ఎట్లా కనిపెట్టారన్నా?

పెన్నా_గట్టు · మంగళవారం 8:30

జాతకం కాదులే. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. ఆక్టల్ లెక్కలో (0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసేది) మొదటిది ఎప్పుడూ 340, రెండోది 260 లేదా 261. మూడోది అక్షరాన్ని బట్టి. "క"కి 225, దీర్ఘానికి 276, "ట"కి 237.

మీరు చేత్తో రన్ చేస్తే లొకేల్ (భాష, లిపి సెట్టింగు) యూటీఎఫ్-8 కాబట్టి తెలుగు తెలుగులాగే వస్తుంది. క్రాన్‌లో నడిచేటప్పుడు సాధారణంగా లొకేల్ ఉత్త "సీ". అప్పుడు ఆర్‌సింక్ మన "కా"ను చూసి, "ఇది ప్రింటు చేయదగ్గ అక్షరం కాదు" అని అంకెల్లోకి మార్చేస్తుంది. అంటే మన తెలుగునే కంట్రోల్ అక్షరాల లెక్కన కట్టేసింది! హైఫన్ 8 ఇస్తే మార్చకుండా వదిలేస్తుంది, కానీ మీ డాట్ మ్యాట్రిక్స్‌కి తెలుగు రాదు, పిచ్చి గీతలు కొడుతుంది. ప్రింటు కోసం ఆ అంకెలే నయం.

ఒక సరదా ముక్క. "ఛ" మూడో బైటు ఆక్టల్‌లో 233, మామూలు లెక్కలో 155. పాత ఎనిమిది బిట్ల టెర్మినల్స్‌లో 155 అంటే ఎస్కేప్, బ్రాకెట్టు రెండూ కలిపిన ఒకే కంట్రోల్ అక్షరం. అట్లాంటి టెర్మినల్‌కి "ఛార్జీలు" అనే ఫైలు పేరు చూపిస్తే, అదొక ఆజ్ఞ అనుకుని మిగతా అక్షరాలు మింగాలని చూస్తుంది.

ఒంగోలు_టైపు_మాస్టారు · మంగళవారం 9:10

"ఛ" అంటే దానికి కోపం వచ్చిందన్నమాట.

చీమకుర్తి_సర్వర్ · మంగళవారం 9:34

మాస్టారూ 😂

మిల్లు అన్నా, --ప్రోగ్రెస్ మొత్తం తీసేయక్కర్లేదు, చేత్తో రన్ చేసినప్పుడు నీకు కావాలి కదా. స్క్రిప్టులో "టెస్ట్ హైఫన్ టీ 1" అని ఒక షరతు పెట్టు. అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతుంటే --ప్రోగ్రెస్, లేకపోతే --స్టాట్స్. ఆర్‌సింక్ అడగని ప్రశ్న దాని తరఫున నువ్వే అడిగినట్టు. స్టాట్స్‌లో ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు అన్నీ చివర్లో ఒక్కసారే వస్తాయి.

లాగ్‌ను సెడ్ గుండా పంపే పైపు ఇంకా ఉంచావా? ఉంచితే జాగ్రత్త. పైపు పెడితే షెల్ చూసేది చివరి కమాండు ఫలితాన్నే. ఆర్‌సింక్ మధ్యలో చచ్చినా సెడ్ బాగానే ముగిసింది కాబట్టి "సున్నా, అంతా క్షేమం" అంటుంది. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేసుకో. లేదంటే లైను కరెంటు పోయి సగం కాపీ అయిన రోజు కూడా ఓనరు గారికి మంచి కాగితమే పోతుంది.

మిల్లు_కంప్యూటర్ · గురువారం ఉదయం 7:50

రెండు రోజులుగా బాగుంది. టెస్ట్ హైఫన్ టీ పెట్టాను, పైపు తీసేశాను, స్టాట్స్ వస్తున్నాయి. కాగితం మీద ఇరవై లైన్లు కూడా లేవు. అందరికీ థ్యాంక్స్.

కానీ ఈరోజు ఓనరు గారు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "మొన్న సాయంత్రం ఇచ్చినదాంట్లో వంద అని ఉండింది గదా, ఇందులో వంద యాడబ్బా?" అన్నారు. ఫైళ్ల లెక్క చూపించాను, సైజు చూపించాను. వినలేదు. వంద కావాలంట.

చీమకుర్తి_సర్వర్ · గురువారం 8:15

ఇవ్వు మరి. ఆర్‌సింక్ సున్నాతో ముగిస్తేనే "100" అని ఒక లైను ఎకో చెయ్యి. 23 వస్తే కొన్ని ఫైళ్లు రాలేదని, 24 వస్తే కాపీ అవుతుండగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని. వాటికి వంద ఇవ్వకు.

మిల్లు_కంప్యూటర్ · శుక్రవారం 7:40

ఇచ్చాను. కాగితం అడుగున పెద్దగా 100. చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఒంగోలు_టైపు_మాస్టారు · శుక్రవారం 9:05

రిబ్బను మార్చావా అబ్బాయీ? ఒకేచోట అంత దెబ్బ తిన్నది మళ్లీ తలకి చిక్కుకుంటుంది.

మిల్లు_కంప్యూటర్ · శుక్రవారం 9:30

మార్చాను మాస్టారూ. డబ్బులు నా జీతంలోనే పట్టుకున్నారు.